కళ్లజోడు చెప్పిన పేరు

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నీకు బ్రెయిలీ రాదని తెలిసీ అందులోనే రాస్తున్నాను.

చూపులేనివాళ్ల కోసం పరిశోధన చేసే సునీత, ఎదుట ఎవరున్నారో చెప్పే కళ్లజోడును బాగుచేసి తెచ్చింది. అది మొదట నేర్చుకున్నది నీ ముఖమే కదా. డ్యూటీ నుంచి బాగ్‌బేరాలో మన ఇంటికి వచ్చి, అలసిపోయినా గంటసేపు కదలకుండా కూర్చున్నావు.

ఈ రోజు పెట్టుకుని నీ కుర్చీ వైపు తిరిగాను.

"రమణ. రెండు అడుగుల దూరంలో" అంది కళ్లజోడు.

అది తీసిన ఫొటోను సునీత ఫోన్‌లో చూసింది. "కుర్సీలో ఎవులూ నేరక్కా. మిషన్‌దే గల్తీ. అన్న పేరు తీసేత్తాను, ఏటంతావు?"

నీ పేరు తీసెయ్యాలని లేదు. కానీ రేపటి నుంచి దీన్ని నమ్ముకుని బిష్టుపూర్‌లో పనికి ఒంటరిగా వెళ్లాలి.

"తీసెయ్" అన్నాను.

తీసేసింది. మళ్లీ అటే తిరిగాను.

"ఎవరో తెలియని మనిషి. ఒక్క అడుగు దూరంలో."

సునీత కళ్లజోడు తీసెయ్యమంది. నేను తియ్యలేదు. చెయ్యి ముందుకు చాపి, చాలాసేపు అలాగే ఉంచాను.

నీ చెల్లి,
లక్ష్మి