వదిన ఇచ్చిన పాత డిస్క్

గురువారం, డుంబ్రిగుడ. వాన.

చెమ్మ పట్టకూడదని వదిన నా పాత లాప్‌టాప్‌ని విత్తనం సోళ్ల, అంటే రాగుల, మూటతో పాటు పొయ్యి మీది అటకెక్కించింది. ఆ సెగకి హార్డ్‌డిస్క్ పాడై, ఆన్ చేస్తే టకటకమని కొట్టుకోసాగింది. పొద్దున కొత్తది బిగించి పాతది బల్ల మీద పెట్టాను.

మధ్యాహ్నం అన్నయ్య తాగి, గొడ్డలి పట్టుకుని వచ్చాడు. వాడు వదినని కొడుతుండగా నేను తీసి, ఫోన్లో ఉంచకుండా లాప్‌టాప్‌లో దాచిన వీడియో గురించి ఎవరో చెప్పేశారు. రేపు పెద్దల ముందు చూపించాల్సింది అదే. నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. వాడి చేతులు పడిపోను!

"ఎక్కడెట్టీసినావే? బేగి సెప్పు!"

వదినే పాత డిస్క్ తెచ్చి వాడి ముందు పడేసింది. "ఇదిగో, ఇందులోనే ఉన్నాది."

గొడ్డలి తిరగేసి దాన్ని తుక్కుతుక్కుగా బాదాడు. పోతూపోతూ ఆమె మూతి మీద తన్నాడు.

నెత్తురు ఉమ్మి వదిన నవ్వింది. "కొత్తదాన్లోకి ఎక్కించీసినావు కదా?"

తలూపాను.

పొద్దున కాపీ సగంలోనే ఆగిపోయింది. ఆ వీడియో దాకా రాలేదు.

వదిన రేపటికని లాప్‌టాప్‌ని తన మంచి చీరలో చుట్టి, పక్కలో పెట్టుకుని పడుకుంది.