మోతీబాయి ఎడమచేతి గాజులు

సేవ్యా తండా పంచాయతీ కార్యదర్శి శ్రీపాల్ గారి సముఖమునకు,
బయ్యారం మండలం, మహబూబాబాద్ జిల్లా.

అయ్యా,

విషయం: అర్జీదారుడనైన నేను చనిపోయినట్టు మరణ ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

ఇదే తండా నివాసి ప్రేమ్‌సింగ్, వయసు యాభై ఎనిమిది, చేసుకొను మనవి ఏమనగా:

1. నేను గ్రామ సేవకుడిగా ఇరవై రెండేళ్లు పనిచేసితిని. ఈ తండాలో ఎవరు పోయినా ఆ వార్త ఆఫీసుకు మోసినవాడిని నేనే. ఒక్కటి కూడా అబద్ధం చెప్పలేదు, ఇదే మొదటిది. చావు కబురు ఇరవై ఒక్క రోజుల లోపు తెలుపవలెనన్న నియమం ఎరుగుదును గనుక కొంచెం ముందుగానే తెలుపుతున్నాను.

2. నా భార్య మోతీబాయికి రెండు కిడ్నీలూ చెడిపోయినవి. ఏడు నెలలుగా వారానికి మూడుసార్లు మానుకోట ఆసుపత్రికి పోయి డయాలసిస్ చేయించుకుంటున్నది. రక్తం బయటికి తీసి, శుద్ధి చేసి, మళ్లీ ఎక్కించడానికి మెడ దగ్గర పైపు వేశారు. ఆ పైపుకు రెండుసార్లు చీము పట్టింది. రెండోసారి చలిజ్వరంతో బస్సులో నా ఒళ్లో పడి వణికింది. మిర్చి ఏరేటప్పుడు నాకంటే ముందు సాలు ముగించి నన్ను ఎగతాళి చేసే మనిషి, ఇప్పుడు దాహమైనా కడుపునిండా నీళ్లు తాగకూడదు. తడిగుడ్డతో పెదవులు తుడుస్తాను.

3. డాక్టరు గారు చెప్పిన మాట: "మూడోసారి చీము పడితె పానం మీదికొస్తది. ఎడమ చేతికి ఫిస్టులా చేద్దాం." ఫిస్టులా అనగా చేతిలోని రెండు రక్తనాళాలను కలిపి కుట్టే ఆపరేషన్. అది కుదిరితే మెడలో పైపు అక్కర లేదు. మణికట్టు దగ్గర నాళం సన్నగా ఉన్నందున మోచేతి పైన చేస్తారట. వచ్చే గురువారం రమ్మన్నారు. ఆ చేతికి గాజు ఒక్కటి కూడా ఉండకూడదు, ఇక ముందు కూడా వేయకూడదు.

4. చిక్కు ఇక్కడే వచ్చినది. మా లంబాడీ ఆడవాళ్లు పెళ్లయిన నాటి నుంచి మోచేతి పైన తెల్లని గాజులు వేసుకుంటారు. బలియాలు అంటాము. భర్త చనిపోయిన రోజునే వాటిని తీస్తారు. మోతీబాయి చేతికి అవి ముప్పై నాలుగేళ్లుగా ఉన్నవి. తియ్యమంటే ఆమె అన్న మాట, మా భాషలోది తెలుగులో మనవి చేస్తున్నాను: "నువ్వు కండ్లముందల తిరుగుతుంటె నేనెట్ల తీస్త? ఒక చెయ్యికి మొగడున్నట్టు, ఒక చెయ్యికి లేనట్టా?" బతిమాలాను. తిట్టాను. ఒక పూట అన్నం మానేశాను. ఆమె నా గిన్నె మీద నిమ్మళంగా మూత పెట్టి పడుకుంది.

5. తండా పెద్ద లక్ష్మా నాయక్‌ను అడిగాను. "మొగడు పోతెనే తీసుడు, ప్రేమ్‌సింగ్. తాతల కాడినుంచి గంతే" అన్నాడు.
"నేను పోయిన్నని సర్కారు ముద్రేసి ఇస్తె?"
ఆయన గడ్డం గీరుకున్నాడు. "సర్కారు ముద్రను కాదనేటందుకు నేనెవన్ని?" అన్నాడు. కావుననే ఈ అర్జీ.

6. చనిపోయిన తేదీ అను గడిలో గురువారానికి ముందు తమకు వీలైన ఏ రోజైనా వేయవచ్చును. కారణం అను గడిలో గుండెపోటు అని రాయండి, ఎవరూ మళ్లీ అడగరు. రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో నా పేరు కొట్టివేసినా అభ్యంతరం లేదు. ఇది నిబంధనలకు విరుద్ధమని నాకూ తెలుసు. అయ్యా, ఆమె పోతే నేను ఉండలేను. ఇంతకంటే ఆఫీసు భాషలో చెప్పడం నాకు రావడం లేదు.

పై సంగతులు చిత్తగించి, నన్ను గురువారం లోపల చనిపోయినవాడిగా చేయవలెను.

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న తమ విధేయుడు,
ప్రేమ్‌సింగ్

జత: ఆధార్ నకలు, డాక్టరు చీటీ.

తా.క.: అయ్యా, పై అర్జీ మీద ఏమీ చేయకండి. మొన్న తమకు నోటితో కూడా చెప్పి ఉన్నాను గనుక, ఎక్కడ నమోదు చేసేస్తారోనని భయపడి ఇదే కాగితం పంపుతున్నాను.

తప్పులు దిద్దుతానని నా బిడ్డ ప్రియ దీన్ని తీసుకుని పైకి చదివింది. మోతీబాయి మంచం మీదనే పడుకుని మొత్తం విన్నది. "కాయితం మీద సచ్చినోడు మల్ల కాయితం మీద లేస్తడా?" అని నన్ను అడిగింది. ఇరవై రెండేళ్ల నౌకరీలో అట్లా లేచినవాడిని నేను చూడలేదు. 

ఆమె లేచి కూర్చుని ఎడమ చెయ్యి నా ముందర చాపింది. చెయ్యి వాచి ఉంది, సబ్బు రాసినా గాజులు జారలేదు. "ఆక్సా బ్లేడు తే. నువ్వే కొయ్యి. బతికున్న మొగడు తన చేత్తోని తీస్తె గది ముండమోసుడు ఎట్లయితది?" అన్నది. ఒక్కొక్కటే కోశాను. గాజుల కింద ఎండ తగలని చర్మం, పెళ్లినాడు ఉన్నట్టే ఉంది. ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను. లక్ష్మా నాయక్ గడప దాకా వచ్చి చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆమె ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, నాళం నిలుస్తుందో లేదో చెప్పలేమని డాక్టరు గారు అన్నారు. ఆపరేషన్ కాగితం మీద భర్త సంతకం కావాలన్నారు. కావున అయ్యా, ఆమె ఉన్నన్ని రోజులు నన్ను బతికి ఉన్నట్టే ఉంచవలెను.