నన్నెవరూ పొడవలేదు
వేలూరు, 14-3-1994

తమ్ముడు సామ్యేలుకు, ప్రభువు దయవల్ల ప్రాణంతో ఉన్నాను.

నిన్న మన పక్కింటి నారాయణ ఆసుపత్రికి చూడటానికి వచ్చి, "నెత్తురు పంచెతో నిన్ను కారెక్కించింది చూసి, అవతలి పార్టీవోళ్లు పొడిచినారని తొండూరంతా అనుకుంటాండారప్పా. మీ తమ్ముడు పగ తీర్చుకోవాలని మనుషుల్ని కూడేసి జీపు మాట్లాడినాడు. నేను చెప్తే వినడు, నీ చేతిరాత ఉండాల" అన్నాడు. అప్పటినుంచి మంచం మీద నిలవలేకున్నాను.

నన్నెవరూ పొడవలేదు. సిగ్గుతో దాచాను. నాది క్రోన్స్ అనే పేగుజబ్బు. లోపలి నుంచి ముడ్డి పక్కకు బొక్క పడి చీమూ నెత్తురూ కారుతున్నాయి. కోసెయ్యమంటే డాక్టరమ్మ, "పేగులో పుండు ఆరకముందే కోస్తే గాయం మానదు, దొడ్డికి ఆపుకోలేవు" అంది. చీము నిలవకుండా ఆ బొక్కలో దారం వేసి ఉంచింది. పేగుకు మాత్రలిస్తోంది. నెలలు పడుతుందట.

మీ వదినను పాత పంచెలు ఉతికి పంపమను. గేదె ఈనిందా?

కావాలనే కవరు మాని కార్డు రాశాను. మన పోస్టుమాన్ యేసురత్నం ఏ కార్డయినా చదివాకే ఇస్తాడు కదా, ఈసారి రచ్చబండ మీద నిలబడి గట్టిగా చదవమను. రెండు పార్టీలవాళ్లూ వినాలి. నా సిగ్గు పోతే పోనీ, జీపు మాత్రం కదలగూడదు.

అమ్మకు వందనాలు, నీ బిడ్డలకు దీవెనలు.

మీ అన్న,
ఆనందయ్య