తొమ్మిదో ఛానల్

మార్చి 3

అక్క పోయి నెలైంది. సొంత అక్క కాదు, ల్యాబ్‌లో సీనియర్. ఆమె చివరగా బిగించిన నాణెమంత బ్యాటరీ, కాయిన్ సెల్ మాత్రం టెస్టింగ్ మెషిన్ తొమ్మిదో ఛానల్లో ఇంకా ఛార్జ్ ఎక్కుతూ, దిగుతూనే ఉంది. ఒకసారి ఎక్కి దిగితే ఒక సైకిల్. ఇవాళ్టికి 390 సైకిళ్లు.

ఆమె నోట్‌బుక్ చూసి నేను చేసిన ఆరు సెల్లూ అరవై సైకిళ్లు దాటకుండానే చచ్చాయి. వీటిలో వాడే సిలికాన్ నానో కణాలు ఛార్జ్ ఎక్కితే నానేసిన శనగల్లా ఉబ్బుతాయి, దిగితే ముడుచుకుంటాయి. దాంతో రాగి రేకు మీద పూసిన వాటి పూత పగిలిపోతుంది. మరి ఆమెది ఎందుకు పగల్లేదు?

ఒక్క సెల్‌తో పేపర్ పంపలేనన్నారు సార్. నెలాఖరులోగా వంద దాటే రెండోది చూపించాలట, లేదంటే పక్కన పెట్టేస్తారట. అక్కకి ఉన్నది ఆ ఒక్క పేపరే.

మార్చి 5

అక్క వాళ్ళమ్మ ఫోన్. అమ్మాయి పేరు అచ్చులో ఎప్పుడొస్తుందమ్మా అని అడిగింది. త్వరలోనే ఆంటీ అన్నాను, పెద్ద గొప్పగా.

మార్చి 9

ఓవెన్ రిజిస్టర్ తిరగేశాను, ఆ రోజుల్లో టెంపరేచర్ ఏమైనా తేడా వచ్చిందేమోనని. జనవరి 20, సాయంత్రం నాలుగు, బీకర్లు ఆరబెట్టడానికి. పక్కన సంతకం నాదే.

రిజిస్టర్ మూసేశాను.

ఆ రోజు అక్క పూత పూసిన రేకుని ఓవెన్లో పెట్టి, ఏవో టెస్టులున్నాయని రెండు రోజులు ఆసుపత్రికి వెళ్ళింది. నా బీకర్లకి చోటు చాల్లేదు. రేకు తీసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ లోపల పెట్టడం మర్చేపోయాను. రెండ్రోజులకి గుర్తొచ్చి, ఆమె వచ్చేలోపు గప్‌చుప్‌గా లోపలికి తోసేశాను. ఓవెన్ ఎవరైనా తెరిచారా అని అడిగింది. నాకేం తెలుసక్కా అన్నాను. నమ్మింది పిచ్చిది. ఓవెన్లో రెండు రోజులు అని గుండ్రటి అక్షరాలతో నోట్‌బుక్‌లో రాసుకుంది.

మార్చి 10

కొత్త పూత. బల్ల మీదే ఆరబెట్టాను. ఓవెన్ వైపు వెళ్ళలేదు.

మార్చి 19

కొత్త పూతతో చేసిన సెల్, 58 సైకిళ్లు.

మార్చి 20

69. బాత్రూంలో కుళాయి తిప్పేసి ఏడ్చాను.

మార్చి 24

108. సార్ భుజం తట్టారు. వేడికి గబగబా ఆరితే కణాల్ని పట్టి ఉంచే జిగురు పైకి తేలిపోతుందట, నెమ్మదిగా ఆరబెట్టడమే కిటుకట. కనిపెట్టింది నేను కాబట్టి పేపర్లో మొదటి పేరు నాదేనన్నారు. తలూపి వచ్చేశాను. ఛీ, నా బతుకు.

మార్చి 25

చెప్పేశాను. బీకర్లు, సంతకం, అబద్ధం, అన్నీ. సార్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. జరిగింది జరిగినట్టు రాయమన్నారు. అక్క పేరే ముందు. ఈ మాట ఆమె బతికుండగా చెప్పలేకపోయావా అని అడిగారు.

మార్చి 31, ఉదయం 11:20

తొమ్మిదో ఛానల్ ఆగిపోయింది. 668.

అక్కా, ఓవెన్ తెరిచింది నేనే.