పెద్దల సభ పుస్తకంలో సంతకం

ప్రియమైన తమ్ముడికి,

నా చేతిరాత నీకు తెలిసిందే. ఉలి పట్టే చెయ్యి కలం పడితే ఇలాగే ఉంటుంది. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మరదలి కాలు ఎలా ఉంది? ఆసుపత్రి పక్కన గది ఇరుకని రాశావు. ఐదు నెలలు ఓర్చారు, ఇంకెంతలే.

చర్చి వెనక తలుపు కిందికి జారితే కొత్త మడతబందులు వేశాను. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల సభ కూర్చుంది. నువ్వు లేవు గనక ఐదుగురమే. నువ్వు వెళ్లి ప్రార్థన చేసొచ్చే రోగుల ఇళ్లకు ఇకమీదట మన సభలోని మెకానిక్కు వెళ్తాడట. మనసులో ఏమీ పెట్టుకోకు. వైద్యం సంగతి చూసుకో.

మీ అన్న

*

అన్నయ్యకు వందనాలు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే పాస్టరుగారి ఉత్తరం వచ్చింది. నన్ను సంఘ పెద్దల్లోంచి తీసేశారట, ఐదు నెలలుగా రావడం లేదని. నేనిక్కడ షికార్లు తిరుగుతున్నానా? అసలు సంగతి వేరు. "ప్రసంగం మీది, నిర్ణయం అందరిదీ. ముందే తేల్చేసి మాకు చెప్పకండి" అని కిందటేడు ఆయన మొహం మీదే అన్నాను. అది ఆయనకు మింగుడుపడలేదు.

తీర్మానం నకలు కూడా పంపారు. ఎక్కువమంది ఒప్పుకున్నారని ఉంది, ఎవరెవరో లేదు. కింద ఐదు సంతకాలు. అందులో నీది ఉంది.

మన ఇళ్ల మధ్య ఒకటే గోడ. నా కుట్టుమిషన్ చప్పుడు కాసేపు ఆగితే "ఏమైందిరా" అని గోడ కొట్టేవాడివి. మరి నా పేరు కొట్టేస్తుంటే ఏం చేశావన్నయ్యా? సూటిగా రాయి.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

మన అలవాటు నీకు తెలుసు. ముందు అందరం సంతకాలు పెట్టేస్తాం, పాస్టరుగారు తర్వాత ఇంటి దగ్గర తీరిగ్గా రాసుకుంటారు. ఆ రోజూ అంతే. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టి, నడుం నొప్పని ముందే వచ్చేశాను. తర్వాత ఏం రాశారో నాకు తెలీదు.

మీ వదిన అడిగానని చెప్పమంది.

మీ అన్న

*

ప్రియమైన అన్నయ్యకు,

నిన్ను అనుమానించినందుకు నా చెంపలు నేనే వాయించుకున్నాను. మీ మరదలు ఇంకో రెండు వెయ్యమంది.

చుట్టుపక్కల సంఘాలన్నిటి మీదా ఉన్న ప్రెస్బిటరీకి ఫిర్యాదు పంపాను, నీ ఉత్తరం జతచేసి. శనివారం ఇద్దరు విచారణకు వస్తారు. ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకుని నన్ను తీసేశాడని తేలితే, ఆయన్ని ఇక ఏ సంఘంలోనూ ఉంచరు. నువ్వు ఆ ఒక్క మాట చెబితే చాలు. నీ నోట మాట రప్పించడం పన్ను పీకడం కంటే కష్టమని తెలుసు. ఈ ఒక్కసారికీ మాట్లాడు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మాట్లాడాను. నిదానంగా చదువు.

వచ్చినవాళ్లలో ఒకాయన పాస్టరు. ఇంకొకావిడ నర్సు, వాళ్ల సంఘంలో పెద్ద. చర్చి పక్క గదిలో బల్ల చుట్టూ కూర్చున్నాం. మన పాస్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన భార్య చంటిదాన్ని ఎత్తుకుని వరండాలో నిలబడింది.

"మీరు సంతకం పెట్టేటప్పుడు పేజీ మీద ఏముందండీ?" అని నర్సమ్మ అడిగింది.

"తమ్ముడి పేరు ఉంది" అన్నాను.

అవును తమ్ముడూ. నీకు అబద్ధం రాశాను. ఆ రోజు పాస్టరుగారు అక్కడే రాసి, పైకి చదివి, చేతులెత్తమన్నారు. మెకానిక్కూ, కిరాణా షాపతనూ ఎత్తారు. టీచరమ్మా, పోస్టుమాస్టరూ ఎత్తలేదు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. అందరూ నా వైపు చూశారు. నేను ఎత్తాను.

ఎందుకో చెప్పుకోవాలంటే సిగ్గు. ఇరవై ఏళ్లు ఆ బల్ల దగ్గర నీ పక్కన కూర్చున్నాను. నన్నేదైనా అడిగితే "మా అన్నదీ ఇదే మాట" అని నువ్వే చెప్పేసేవాడివి. ఒక్కసారీ నా వైపు తిరిగి అడగలేదు. ఆ రోజు మొదటిసారి అందరూ నా కోసం ఆగారు. అది బాగుందనిపించింది. ఇంటికి వచ్చేలోపే ఒంట్లోంచి దిగిపోయింది.

"సంఘం ఎన్నుకున్న మనిషిని, ఆయన మాట వినకుండా తీసేసే హక్కు పాస్టరుకూ లేదు, ఈ బల్లకూ లేదు" అంది నర్సమ్మ. తీర్మానం కొట్టేశారు. నీ చోటు నీదే. పాస్టరుగారిని మందలించి వదిలేశారు. మాకూ చీవాట్లు తప్పలేదు. అంతా ఆయనే చేశాడని నువ్వు రాశావు. మన సంఘంలో ఏదీ ఒక్కడి వల్ల కాదు తమ్ముడూ. ఇదీ ఒక్కడి వల్ల కాలేదు.

నా పెద్దరికం వదులుకుంటానని కాగితం ఇచ్చాను. తీసుకోలేదు. నువ్వొచ్చాక, నీ మాట కూడా విని, అప్పుడు చేతులెత్తుతారట.

నువ్వు ఎటు ఎత్తినా నాకు సమ్మతమే. ఎప్పుడొస్తావో మాత్రం వెంటనే ఒక ముక్క రాయి.

మీ అన్న