ఒక గంట ముందు చేసిన కాల్

జూన్ 16, సోమవారం

పట్టుబట్టి సాధించాను. ఊళ్లో ఆరు సర్కారు బళ్లకు ఇంటర్నేషనల్ సిలబస్ ఇచ్చారు. వాటిలో మాది ఒకటి, మా బడిలో నా ఐదో తరగతి ఒక్కటే. ఒక్క ఏడాది ట్రయల్. ఏ పాఠమైనా మా వీధిలో ఒకసారి, వేరే దేశంలో ఉన్న జోడీ బడి వీధిలో ఒకసారి చూడాలి. వారానికి మూడు పీరియడ్లు వాళ్ల భాష. సెలవులన్నీ ఆ భాష నేర్చుకోవడంతోనే సరిపోయాయి. నిజం చెప్పాలంటే పిల్లల కంటే నాలుగు పాఠాలు ముందున్నాను, అంతే. చాలు.

హెచ్చెమ్ గారు మాత్రం, ఉన్నదే ఒక్క కంప్యూటరమ్మా, దాన్ని కూడా ప్రపంచానికి ఇచ్చేస్తే నా హాజరు లెక్కలు ఎవరు పంపుతారు అని వాపోయారు.

జూన్ 29, ఆదివారం

అన్నయ్య ఇంటికి వెళ్లాను. మేనకోడలు నా క్లాసే. ఇంట్లో దాన్ని కొశ్చన్ పేపరు అంటాం. నేను చెప్పులు విడిచేలోపే వదిన మొదలుపెట్టింది. ఊరి అవతల ప్రైవేటు ఇంటర్నేషనల్ స్కూలు ఉందట, జనవరిలో పిల్లను అందులో వేస్తుందట. ఏసీ బస్సు, టై, బూట్లు. మీ బడిలో ఇంటర్నేషనల్ అంటే బోర్డు మార్చడమేగా అమ్మాయ్ అంది.

ఒళ్లు మండింది. పోను గంట, రాను గంట, ఆ రెండు గంటల్లో అది నా క్లాసులో నలభై ప్రశ్నలు అడుగుతుంది అన్నాను. చివరికి అన్నయ్యే మధ్యలో పడ్డాడు. అక్టోబర్‌లో మాకు రివ్యూ ఉంది. క్లాసు ఉంచమంటే పిల్ల ఉంటుంది. తీసెయ్యమంటే టీసీ.

నేను గెలుస్తాను.

జూలై 24, గురువారం

మేడ మీద డబ్బాలు పెట్టి నెలంతా వాన కొలిచాం. అక్కడ వాళ్లూ కొలిచారు. వాళ్లకు రోజు విడిచి రోజు చిటికెడు చిటికెడుగా. మాకు మూడే వానలు, మూడూ కుమ్మేశాయి. మొత్తం కలిపితే రెండు చోట్లా దాదాపు ఒకటే! క్లాసంతా గోల. అయితే పెద్ద ట్యాంకు మనకే కావాలి కదా టీచర్ అంది కొశ్చన్ పేపరు. ఆ మాట నా నోట్సులో లేదు. ఉన్నట్టే తల ఊపాను.

సెప్టెంబర్ 3, బుధవారం

గోడకు రెండో గడియారం పెట్టాం, అక్కడి టైము చూపించేది, మనకంటే మూడున్నర గంటలు వెనక. లెక్క పిల్లలే కట్టారు, నేను వేలు పెట్టలేదు.

అక్టోబర్ 20, సోమవారం

వచ్చే సోమవారం ఒంటిగంటకు రివ్యూ. వచ్చే ఆఫీసరు మేడమ్‌ని అందరూ ఎర్రపెన్ను అంటారు. ఆరు బళ్లలో రెండింటికి ఇప్పటికే మంగళం పాడేశారు. ఆ టైముకు అక్కడ తొమ్మిదిన్నర, ఫస్టు పీరియడు. లైవ్ పెట్టి వాళ్ల హెడ్‌మాస్టర్ని మా పిల్లలే నీళ్ల మీద ప్రశ్నలు అడుగుతారు. హెచ్చెమ్ గారికి బీపీ. నాకు ఆకలి.

అక్టోబర్ 27, ఉదయం 6

నిద్ర బాగానే పట్టింది.

అక్టోబర్ 27, సాయంత్రం 5

కాల్ కలిపాం. వెనక బెంచీలో మేడమ్, పక్కన హెచ్చెమ్ గారు. తలుపు దగ్గర, పిలవకపోయినా వచ్చిన వదిన. తెర మీద ఖాళీ క్లాసు. కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి. మధ్యలో నీలం కోటు వేసుకున్న ఒక పెద్దావిడ, చేతిలో నేల తుడిచే కర్ర. కంప్యూటర్ మోత ఆపుదామని ఏదో నొక్కిందట పాపం.

అక్కడ ఇంకా ఎనిమిదిన్నరే. చలికాలం వస్తోందంటే వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. నిన్న ఆదివారం తిప్పేశారు. మూడున్నర గంటలు అని గోడకు మేకు కొట్టి మురిసిపోయిన మాకు ఆ సంగతే తెలియదు. చెప్పాలని వాళ్ల టీచరుకూ తోచలేదు. వాళ్లకది పళ్లు తోముకున్నంత మామూలు.

కట్ చెయ్యమని హెచ్చెమ్ గారు సైగ చేశారు. నేను మౌస్ మీద చెయ్యి కూడా వేశాను. అంతలో కొశ్చన్ పేపరు లేచి, ఆవిడకు వాళ్ల భాషలో నమస్కారం చెప్పి, మీ బడికి నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయండీ అని అడిగేసింది. హెడ్‌మాస్టర్‌కని రాసుకున్న మొదటి ప్రశ్న అది. ఆవిడ కర్రను గోడకానించి, ఒక కుర్చీ దించుకుని కూర్చుంది.

నిదానంగా, చిన్నపిల్లలకు అన్నం తినిపించినట్టు మాట్లాడింది. మాట రాని చోట మావాళ్లు బోర్డు మీద బొమ్మ గీశారు. గట్టి చలిలో గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయట, అందుకని ముందురోజు సాయంత్రమే డ్రమ్ములు నింపుకుంటుందట. రెండోసారి తుడవగా మిగిలిన బకెట్ నీళ్లు పారబోయదు, చెట్లకు పోస్తుంది. నాలుగు నెలలుగా మేము టీచర్లం పంపుకున్న చార్టుల్లో ఈ ముక్క ఒక్కటీ లేదు.

తర్వాత ఆవిడ అడిగింది. మీ గది ఎవరు తుడుస్తారు? ఆయమ్మ అన్నారు పిల్లలు. ఆమె నీళ్లు ఎక్కడ పడుతుంది? ఎన్ని బకెట్లు మోస్తుంది?

ముప్పై ఆరు మందిలో ఒక్కరికీ తెలియదు. పద్నాలుగేళ్లుగా ఈ బడిలో ఉన్నాను, నాకూ తెలియదు. చాలా సిగ్గేసింది.

మాకు తెలియదు, కనుక్కుని సోమవారం ఇదే టైముకు చెప్తాం అంది కొశ్చన్ పేపరు. మేడమ్ పెన్ను మూత పెట్టి, అయితే సోమవారం నేనూ వస్తాను అని వెళ్లిపోయారు. వదిన చెప్పులు వేసుకుని మేడమ్ వెనకే నడిచింది.

నవంబర్ 1, శనివారం

ఆయమ్మ నీళ్లు పట్టే కుళాయి కింద పెరట్లో ఉంది. మా గది రెండో అంతస్తు. మెట్లు నలభై రెండు. రోజుకు పదకొండు బకెట్లు. పైకి వెళ్లే గొట్టం పూడిపోయి నాలుగేళ్లయింది. పిల్లలు నోట్‌బుక్కులతో వస్తే ఆయమ్మ బెదిరిపోయింది, ఏం తప్పు చేశానమ్మా అంది. అదేం లేదని వాళ్లు బకెట్ లాక్కుని మోసి చూశారు. తలో అంతస్తుకే చేతులెత్తేశారు. నీళ్ల ఆఫీసుకు అర్జీ పిల్లలే రాశారు. నేను కామాలు పెట్టాను.

నవంబర్ 3, సోమవారం

కాల్‌లో ఆయమ్మే మాట్లాడింది. అనువాదం నాది. రెండు తప్పులు చేశాను, కొశ్చన్ పేపరు అందరి ముందూ దిద్దింది.

మేడమ్ అక్కడికక్కడే రాసి నా చేతికిచ్చారు. ఈ తరగతి కొనసాగాలి. వచ్చే ఏడు నాలుగో తరగతికీ ఇవ్వాలి. ఎర్రపెన్నుతో కాదు, నీలంతో రాశారు. పట్టపగలు, పిల్లల ముందే ఏడ్చేశాను.

గేటు దగ్గర వదిన నన్ను ఆపింది. బాగున్నారా అనడానికి ఆ భాషలో ఏమంటారు అని అడిగింది. టీసీ మాట ఎత్తలేదు.

నవంబర్ 24, సోమవారం

రెండో అంతస్తులో కుళాయి. మొదట ఆయమ్మ తిప్పింది. తెర అవతల నీలం కోటావిడ లేచి నిలబడింది. తర్వాత వాళ్లిద్దరూ, ఒకరి భాష ఒకరికి ముక్క రాదు, పావుగంట మాట్లాడుకున్నారు. అనువాదం చెయ్యమని నన్ను ఎవరూ అడగలేదు.