నడుం లోతు నీళ్ళు

2 మార్చి 2025, ఆదివారం

మళ్ళీ అదే గొడవ. ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకుంటావా లేదా అని మా ఆయన. తీసుకోను అన్నాను. ఆయన తీసుకుని ఆర్నెల్లయింది. అయ్యప్ప అన్న పేరు మార్చుకోకుండానే తీసుకున్న మొండి మనిషి. తాగుడు మానేశారు, నిజమే. కొబ్బరికాయల దింపు పని అవగానే తిన్నగా ఇంటికొస్తున్నారు, అదీ నిజమే. అయితే నేనూ మునగాలా?

పోయిన జూలై వరదలో మా అబ్బాయి సాయిబాబు పోయాడు. ఏటి మధ్య లంకలో కట్టేసిన గేదెని తోలుకొస్తానని వశిష్ఠ గోదాట్లో దిగాడు. గేదె ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది. వాడు రాలేదు. పందొమ్మిదేళ్ళు వాడికి. శవం కూడా దొరకలేదు.

ఆ గేదె పాలే రోజూ పితుకుతున్నాను. వాడు దాన్ని బంగారీ అని పిలిచేవాడు. నేను పిలవను.

11 మార్చి

పాలు పితికాను. అంగన్‌వాడీకి వెళ్ళాను. హాజరు యాప్‌లో నా ముఖం పడలేదు. పిల్లలకి గుడ్లు పెట్టి వచ్చాను.

23 మార్చి, సాయంత్రం

పాస్టరు ఎలీషాగారు ఇంటికొచ్చారు. మా ఆయనే పిలిచి ఉంటారు. బాప్తిస్మం అంటే యేసుతోపాటు సమాధిలోకి దిగడం, ఆయనతోపాటు లేవడం అని చెప్పారు. బానే ఉంది. మరి మావాడు బాప్తిస్మం తీసుకోలేదు కదండీ, వాడు లేస్తాడా అని అడిగాను.

సాయిబాబు చర్చికి వెళ్ళింది డ్రమ్స్ కోసం. బాప్తిస్మం మాటెత్తితే ఉద్యోగం వచ్చాక చూద్దాం లెండి అని నవ్వేసేవాడు. పాస్టరుగారికీ తెలుసు. టీ గ్లాసుకేసి చూస్తూ, తెలీదమ్మా, దేవుడి చేతిలో ఉంది అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. తెలీనప్పుడు నన్నెందుకు ముంచుతారండీ అని అడిగేశాను. మా ఆయన కళ్ళెర్రజేశారు. చెయ్యనీ. వాడు లేని పరలోకంలో నాకేం పని? అక్కడ ఎవరికి వండి పెట్టను?

24 మార్చి

ఆయనకీ నాకూ మాటల్లేవు.

13 ఏప్రిల్, మట్టల ఆదివారం

ఈస్టర్ వస్తోందని అందరూ సమాధులకి సున్నం వేసుకుంటున్నారు. మధ్యాహ్నం నుంచి ఈయన కనపడలేదు. మళ్ళీ తాగుడు మొదలెట్టారేమో అనుకున్నాను. వెతుక్కుంటూ వెళ్తే, సమాధుల దొడ్లో వీరాయమ్మగారి భర్త సమాధికి సున్నం వేస్తున్నారు. వాళ్ళెవరో, మేమెవరమో. మనకి లేదుగా, ఎవరిదో ఒకరిది వేద్దామనిపించింది అన్నారు.

నేనూ ఓ కుంచె తీసుకున్నాను. ఏడవాలనిపించింది. రాలేదు. జూలై నుంచీ ఇంతే.

18 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

మూడు గంటల ఆరాధన. ఫ్యాన్లు లేవు, కరెంటు పోయింది. బయటూరి నుంచి వచ్చిన ప్రసంగీకులు శ్రమకి అర్థం ఉంటుందన్నారు. ఉంటే ఉండనీ బాబూ, నాకు చెప్పకండి. అలిసిపోయాను. సిలువ దగ్గర నిలబడ్డ ఆ తల్లికి కనీసం శవమైనా దక్కింది. ఈ మాట బయటికంటే ఇంకేమైనా ఉందా!

అయ్యాక పాస్టరుగారు మా ఇంటి గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదు. ఆ రోజు నువ్వడిగింది నేను రోజూ ప్రార్థనలో అడుగుతున్నానమ్మా, నాకింకా జవాబు రాలేదు అన్నారు. డ్రమ్స్ వాడికి నేర్పింది ఈయనే. ఇంకేదో చెప్పబోయి ఏడ్చేశారు. పాస్టరు ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. తెలుసని చెప్పుంటే తలుపేసేదాన్ని.

తీసుకుంటానండీ అన్నాను. కానీ చర్చిలో టైల్స్ వేసిన తొట్టిలో కాదు, రేవులో. సమాధిలోకి దిగడమన్నారుగా. మావాడి సమాధి అదే.

20 ఏప్రిల్, ఈస్టర్

తెల్లవారకముందే సమాధుల దొడ్డికి వెళ్ళాం. అందరూ వాళ్ళ వాళ్ళ దగ్గర కొవ్వొత్తులు పెట్టారు. మాది మా చేతిలోనే ఉండిపోయింది. రేవుకి తీసుకెళ్ళి గట్టు మట్టిలో గుచ్చాను.

ఏప్రిల్ కదా, నడుం లోతే ఉన్నాయి నీళ్ళు. ఇవా వాణ్ణి మింగింది!

యేసు చచ్చి లేచాడని నమ్ముతున్నావా అమ్మా అని పాస్టరుగారు అడిగారు. మా సాయిబాబుని కూడా లేపుతాడంటే నమ్ముతానండీ అన్నాను. గట్టు మీద పాట ఆగిపోయింది. ఎవరో అయ్యో అన్నారు. పాస్టరుగారు నాకేసి చూశారు. వాక్యం ఏదైనా చెప్తారనుకున్నాను. ఆయ్ అని తలూపారు. అంతే.

ముక్కు పట్టుకో, కళ్ళు మూసుకో అన్నారు. ముక్కు పట్టుకున్నాను. లోపల కళ్ళు తెరిచాను. వెతికాను. పచ్చగా, మసగ్గా ఉంది. ఎవరూ లేరు. ఇంకాసేపు ఉండిపోదామనిపించింది. పాస్టరుగారు లేపబోతే బరువు వదిలేశాను.

అప్పుడు ఇంకో చెయ్యి నా జబ్బ పట్టుకుంది. చెట్లెక్కి ఎక్కి కాయలు కాచిన చెయ్యి. మా ఆయన కొత్త చొక్కాతోనే దూకేశారు. పైకొచ్చేసరికి ఆయన నాకంటే ఎక్కువ వణుకుతున్నారు. నువ్వు కూడానా సత్యా, నువ్వు కూడానా అంటున్నారు. అందరి ముందే ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. జూలై నుంచి రానిదంతా వచ్చింది.

21 ఏప్రిల్

వేసవికి ఉప్పెక్కిన ఏటి నీళ్ళకో, ఏడుపుకో కళ్ళు ఇంకా మండుతున్నాయి.

పాలు పితకడానికి వెళ్ళి, దా బంగారీ అన్నాను. గేదె తలెత్తి నా వెనక్కి చూసింది. నేనూ తిరిగి చూశాను.